ఇంకో విడతకి చూద్దాం

మామగారి రంగుల దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చున్న రోజున నా చేతిలో ఉన్నవి చెబుతాను. పెళ్లయి నెల తిరగని భార్య. నేల నుంచి కప్పు దాకా డబ్బాలు పేర్చిన దుకాణం. తడి కూడా సరిగా ఆరని బాప్తిస్మం. ఇవి కాక, అందరూ జల్లెడ అని పిలిచే మనిషి ఒకడు.

బాప్తిస్మం సంగతి దాచను. "నీళ్లలో దిగినవాడికే పిల్లనిస్తాను" అన్నారు మామగారు. "నీళ్లు ఎంత లోతండీ?" అని అడిగాను. నడుము లోతన్నారు. నడుము లోతుకి అంత మంచి సంబంధం, నడుస్తున్న దుకాణం వస్తుంటే కాదనేవాడు వ్యాపారి కాడు. పాస్టరుగారు నన్ను ఒక్కటే అడిగారు, నమ్ముతున్నావా అని. నమ్ముతున్నానన్నాను. అప్పటికి నేను నమ్మింది మామగారిని.

జల్లెడ నాకంటే పదేళ్లు పెద్ద. మామగారి కాలం నుంచీ వెనక గదిలో రంగులు కలిపేవాడు. గడ్డకట్టిన రంగుని సన్నని వలలో వడకట్టడంలో అతనికి సాటిలేదు, ఆ పేరు అందుకే వచ్చింది. ఎవరైనా గోడ పెచ్చు ఒకటి పట్టుకొస్తే కంటితో చూసి అచ్చంగా అదే రంగు కలిపిచ్చేవాడు. ఇవాళ్టికీ నన్ను "అల్లుడుగారూ" అనే పిలుస్తాడు.

నేను కూర్చున్న నాలుగో ఏట ఇళ్లు కట్టేవాళ్లు లేక సరుకు నిలిచిపోయింది. గడువు దాటిన డబ్బాలు వెనక గదిలో పేరుకున్నాయి. పారబోయడానికి నాకు చేతులు రాలేదు. వడకట్టి, పలచన చేసి, కొత్త డబ్బాల్లో నింపి, మూతలు బిగించి అమ్మాం. చేయించింది నేను, చేసింది జల్లెడ.

"ఇది గోడ మీద ఎన్నాళ్లుంటుంది అల్లుడుగారూ?" అని ఒక్కసారి అడిగాడు.

"మన గోడ కాదుగా," అన్నాను.

ఆ డబ్బాల్లో కొన్ని మా చర్చి సంఘంలోనే ఉన్న ఒక రిటైరైన నర్సమ్మ ఇంటికి వెళ్లాయి. ఏడాది తిరక్కుండానే గోడల మీద రంగు పొలుసులుగా రాలింది. రంగులో నీళ్లు కలిపేశావని ఆవిడ పెయింటరు మీద పడింది. అతను దుకాణానికి వచ్చి ఆవిడ ఎదుటే నన్ను అడిగాడు. నేను పెదవి విరిచి, "సరుకు మంచిదేనమ్మా. పనివాళ్ల చేతిలో ఏమవుతుందో మనమేం చెప్పగలం?" అన్నాను. ఆ మాట వీధంతా తిరిగింది. అతన్ని పనికి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఆర్నెల్లలో బ్రష్షు వదిలేసి కార్లు కడిగే షెడ్డులో చేరాడు.

ఇది జరిగిన ఏడేళ్లకి జల్లెడ దేవుణ్ణి నమ్మాడు. అప్పటికి నేను సంఘ పెద్దని. మందిరానికి రేకులు వేయించినవాణ్ణి, కుర్చీలు కొనిచ్చినవాణ్ణి. గోడలకి రంగు వేయించడం చూసుకోమని అతన్ని పంపింది కూడా నేనే. వారం రోజులు నిచ్చెన మీదే ఉండి లోపల జరుగుతున్న ప్రసంగాలు విన్నాడట. ఎనిమిదో రోజున చేతులకంటిన రంగైనా కడుక్కోకుండా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అల్లుడుగారూ, పాస్టరుగారు చెప్పేది నిజమేనా? మనం చేసిందంతా ఆయన మీదేసుకుని మనల్ని ఊరికే వదిలేశాడంటగా?"

"నిజమే."

"ఊరికేనా? మళ్లీ మెలికేం లేదా?"

"లేదు."

"మరి ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని నాకొక్క ముక్క చెప్పలేదేం? సరుకు మంచిదైతే ఎవరైనా దాచుకుంటారా!" అని నవ్వాడు.

నేను పదకొండేళ్లుగా ప్రార్థనలు చేస్తున్నాను. అలాంటి నవ్వు నాకు ఒక్కరోజూ రాలేదు.

బాప్తిస్మం కావాలన్నాడు. "మీ మనిషే కదా, మీరే సిద్ధం చేయండి," అన్నారు పాస్టరుగారు. మా సంఘంలో ఏడాదికి రెండు విడతలు బాప్తిస్మాలు జరుగుతాయి. నీళ్లలో దిగేముందు ఎవరికి వారు అందరి ఎదుటా నిలబడి, తాము ఎలా ఉండేవారో, ఏం వదిలేసి వస్తున్నారో చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం.

"ఏం చెబుతావో ముందు నాకు చెప్పు," అన్నాను.

"పెద్దగా ఏముందండీ. పాత రంగు వడకట్టి కొత్తదని అమ్మాం. దాంతో పెయింటరు పేరు పోయింది. తెలిసి కూడా నేను నోరు మూసుకున్నా. ఏడేళ్ల నుంచి అది లోపల నలుగుతా ఉంది. అది చెప్పేసి దిగుతా. మీ పేరు ఎత్తను లెండి."

నా పేరు ఎత్తనక్కర్లేదు. అతను ఎవరి దగ్గర పని చేస్తాడో తెలియనివాళ్లు సంఘంలో లేరు. వాళ్లలో సగంమంది ఇళ్ల గోడల మీద నా రంగే ఉంది.

"తొందరెక్కువయ్యా నీకు," అన్నాను. "నమ్మితే సరా? నమ్మకం పనుల్లో కనపడొద్దూ? ముందు ఆ పొగ తాగడం మానెయ్. ఇంకో విడతకి చూద్దాం."

నేను చెప్పిన మాటలో తప్పు లేదు. ఏ పాస్టరుని అడిగినా ఔననే అంటాడు. అందుకే జల్లెడ తల వంచి నమ్మాడు.

పొగ మానేశాడు. రెండో విడతకి వచ్చి నిలబడితే, "మీ తమ్ముడితో మాటల్లేవు కదా, అన్నదమ్ముడితో పడనివాడు దేవుడితో ఎలా పడతాడు?" అన్నాను. వెళ్లి తమ్ముడి గుమ్మంలో రెండురోజులు కూర్చుని మాట కలుపుకొచ్చాడు. ఆ పైవిడతకి అతని కోపాన్ని పట్టుకున్నాను. నాలుగు నెలలకి అతని భార్యే దుకాణానికొచ్చి, "ఏం మందు పెట్టారు బాబూ? మా ఆయన గిన్నెలు తోముతున్నాడు!" అంది. "నాలుగు నెలలేగా అమ్మా, నిలబడుతుందో లేదో చూద్దాం," అని పంపించాను.

అలా మూడేళ్లు గడిచాయి. ఒకరోజు పాస్టరుగారు అడిగారు, "అతనికి ఇంకా ఏం తక్కువండీ?"

"ఫలాలు కనపడాలిగా అయ్యగారూ."

"పండ్లు కాశాక మొక్క నాటుతామా?" అన్నారాయన. అని ఊరుకున్నారు. తల మీద నా రేకులున్నప్పుడు ఆయన మాత్రం ఎంతని గట్టిగా అడుగుతారు?

గట్టిగా అడిగింది నా భార్య. ఒక సాయంత్రం మందిరం నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా నిలదీసింది.

"జల్లెడ అన్నయ్య వరండా కడుగుతున్నాడు. ఎందుకన్నయ్యా అంటే, పనులు చూపించాలమ్మా, అల్లుడుగారు చెప్పారు అన్నాడు. ఏమండీ, మీరు దిగేటప్పుడు ఎవరైనా ఇన్ని అడిగారా?"

"అది వేరు."

"ఏం వేరు? మీకు పిల్లనిచ్చేవాళ్లున్నారు, ఆయనకి లేరు. అంతేనా?"

నవ్వి తప్పించుకోవాలని చూశాను. ఆమె నవ్వలేదు. డబ్బాల సంగతి మొత్తం చెప్పేశాను. అప్పుడు చెప్పులు విడిచి, "మా నాన్న మీకు దుకాణం ఇచ్చాడు గానీ, దేవుడి గుమ్మానికి తాళంచెవి ఇవ్వలేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కార్లు కడిగే షెడ్డుకి వెళ్లాను. పెయింటరు ఒక కారు కింద నురగ కడుగుతున్నాడు. నిలబడే అంతా చెప్పాను. వింటూనే పైపు కట్టేసి, నా చేతికో గుడ్డ అందించాడు.

"అద్దం తుడవండి. ఆరితే మరకలు పడతాయి."

తుడిచాను. నాలుగు అద్దాలూ అయ్యాక అన్నాడు, "పదేళ్లండీ. మా ఆవిడ కూడా నన్ను అనుమానించింది, నిజంగానే నీళ్లు కలిపావా అని. ఇక్కడ నాకొక్కడికీ చెబితే ఏం లాభం? ఆదివారం మీ చర్చిలో చెప్పండి, నర్సమ్మ ముందు."

"చెబుతాను."

"చూద్దాం."

ఆదివారం వచ్చి వెనక వరసలో కూర్చున్నాడతను. చెప్పాను. మూడు వారాలు గుసగుసలు నడిచాయి. కొందరు దుకాణం మార్చారు. నర్సమ్మ నెల రోజులు మొహం తిప్పుకుని, తర్వాత పెయింటరునే పిలిచి ఇంటికి రంగు వేయించుకుంది, సరుకు మాత్రం వేరే చోట కొని. నేను భయపడిందంతా కలిపితే ఇంతే. దీనికోసమా ఒక మనిషిని మూడేళ్లు గుమ్మం బయట నిలబెట్టాను!

చర్చిలో చెప్పిన ఆ ఆదివారం సాయంత్రమే వెనక గదికి వెళ్లాను. జల్లెడ ఆకుపచ్చలో నలుపు చుక్కలు వేసి కలుపుతున్నాడు.

"ఈ విడతలో నువ్వు దిగుతున్నావు. పాస్టరుగారికి చెప్పేశాను."

"లేదులెండి అల్లుడుగారూ. ఇంకా కొంచెం ఉంది."

"ఏం ఉంది?"

"నిన్న మనవడు డబ్బా తన్నేస్తే చెయ్యెత్తా. కొట్టలేదు గానీ ఎత్తా. ఇన్నాళ్లయినా చెయ్యి లేస్తోందంటే లోపల మడ్డి ఉన్నట్టేగా? అది పోనివ్వండి."

"అది ఎవరికీ పూర్తిగా పోదయ్యా. ఆ షరతులన్నీ నా భయం కొద్దీ పెట్టాను. నువ్వు నిచ్చెన దిగిన రోజే నిన్ను నీళ్లలోకి తీసుకెళ్లాల్సింది. ఆ రోజు నువ్వు విన్నదే నిజం."

కర్ర తిప్పడం ఆపి నావైపు జాలిగా చూశాడు.

"మీరు మంచివారు గనక అలా అంటున్నారు. మీరు చెప్పబట్టి పొగ మానేశా. తమ్ముడు దొరికాడు. ఇంట్లో దానికి ఊపిరాడింది. మీరు చెప్పింది తప్పయితే ఇంత మంచి జరుగుద్దా?"

నేను పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాను.

"అయినా చెప్పాల్సింది మీరే చెప్పేశారుగా," అన్నాడు మళ్లీ కర్ర తిప్పుతూ. "ఇక నా దగ్గర సాక్ష్యం ఏముంది?"

పాస్టరుగారు వెళ్లి చెప్పారు. నా భార్య వెళ్లి బతిమాలింది. అందరికీ ఒకటే మాట, ఇంకో విడతకి చూద్దాం అని. ఆ మాట నాదే, అదే గొంతుతో అంటాడు.

ఆరేళ్లయింది. ప్రతి విడతకీ తెల్లారకముందే వచ్చి బాప్తిస్మం ఇచ్చే తొట్టి తోముతాడు. పైపు పెట్టి నీళ్లు నింపి, చెయ్యి ముంచి చలి చూస్తాడు. మరీ చల్లగా ఉంటే ముసలివాళ్ల కోసం రెండు కాగుల వేడినీళ్లు కలుపుతాడు. దిగినవాళ్లు వణుకుతూ లేస్తుంటే పొడి తువ్వాలు అందిస్తాడు. అతని చొక్కా మాత్రం మోచేతుల వరకే తడుస్తుంది. అతని ఆత్మ గురించి భయపడకండి, దేవుడు తొట్టి పట్టుకుని కొలవడు అన్నారు పాస్టరుగారు. అది నేనూ నమ్ముతాను, ఈసారి మామగారి కోసం కాదు. కానీ నిచ్చెన దిగి వచ్చిన రోజున అతని మొహంలో చూసింది మళ్లీ చూడలేదు. ఇప్పుడతను దేవుడి ఎదుట, గిరాకీ ఎదుట నేను నిలబడినట్టు నిలబడతాడు, తూకం ఎక్కడ తగ్గుతుందో అని చూసుకుంటూ.

నాకు మిగిలింది ఇంతే. మూడేళ్లపాటు పరువు నిలిచింది, ఆ తర్వాత అదీ నా చేతులతోనే పోయింది. ఒక తమ్ముడికి అన్న దొరికాడు, ఒక ఇల్లాలు సుఖపడింది, అవి నేను కోరి ఇచ్చినవి కావు. ఊరికే ఇచ్చింది పుచ్చుకోవడానికి ఖాళీ చేతులతో వచ్చిన మనిషికి నేను పని చెప్పాను. అతను ఇంకా ఆ పనిలోనే ఉన్నాడు.