కొండకు నిప్పెవరు పెట్టారు

కొండను తగలబెట్టింది తానేనని తేనెమ్మ నమ్మకం. ఆ మాట ఇంకా ఎవరితోనూ అనలేదు.

కొండవాలులో ఆమెకు తేనెటీగల పెట్టెలున్నాయి. మూత తీసే ముందు ఈగలు కుట్టకుండా పొగడబ్బాలో ఎండుగడ్డి రాజేసి పొగ కొట్టడం, పని అయ్యాక బూడిద దులిపి నీళ్ళు పోయడం ఆమెకు అన్నం తినడమంత అలవాటు. అలవాటైన పనితో చిక్కే అది, చేశామో లేదో గుర్తుండదు. ఆ రోజు పొద్దున డబ్బా దులపడం గుర్తుంది. నీళ్ళు పోసిందా? ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు. మధ్యాహ్నానికల్లా కొండ భగ్గుమంది. మనుషులంతా ప్రాణాలతో బయటపడ్డారు గాని, కొండ కిందున్న తోడికోడలి ఇంటికి గోడలే మిగిలాయి.

ఆ తోడికోడలు ఇప్పుడు తేనెమ్మ ముందుగదిలో ఉంటోంది. కుట్టుమిషను ఒక్కటి ఎలాగో బయటికి లాగింది. "ఇల్లు పోయినా నోరు మిగిలింది, చాల్లే అక్కా" అంటూ నవ్వి మిషను టకటకలాడిస్తుంది. ఆమె నవ్వినప్పుడల్లా తేనెమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అడక్కుండానే కూర మారు వడ్డించేది, ఉన్నవాటిలో మంచి దుప్పటి ఆమెకే ఇచ్చేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న బాపతు.

నిప్పు ఎక్కడ పుట్టిందో తేల్చడానికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. పెట్టెలకు దారి చూపమంటే తేనెమ్మ గుండె చిక్కబట్టుకుని బయల్దేరింది. "నేనూ వస్తా, నా ఇల్లు మింగినవాడి మొహం చూడాలి" అని తోడికోడలు వెంటపడింది.

కాలిన కొండ మీద పిట్ట కూత కూడా లేదు. అడుగు వేస్తే బూడిద చీలమండల దాకా లేచేది. ఆఫీసరమ్మ ప్రతి రాయి దగ్గరా ఆగి, వంగి, చుట్టూ తిరిగి చూసేది.

"నిప్పు వచ్చిన వైపే రాయి బాగా నల్లబడుతుంది. అవతలి వైపు దాదాపు మామూలుగానే ఉంటుంది" అని చెప్పింది.

చూస్తే నిజమే. రాళ్ళన్నీ ఎగువకే, తేనెమ్మ పెట్టెల వైపే నల్లటి మొహాలు తిప్పి కూర్చున్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఇన్నిసార్లు ఎక్కిన కొండ మీద ఇంతమంది సాక్షులున్నారని ఆమెకు తెలియనే తెలియదు.

పెట్టెలు కనపడగానే తేనెమ్మ ఆగిపోయింది.

"ఇంక వెతక్కండమ్మా. నేనే. డబ్బా దులిపి నీళ్ళు పొయ్యలేదు."

తోడికోడలు వంగి చీర కుచ్చిళ్ళకంటిన బూడిద దులుపుకుంది.

"పొయ్యలేదా, గుర్తులేదా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

"గుర్తులేదు."

"అయితే రాళ్ళనే అడుగుదాం రండి."

ఈగలు కొండ కాలిన రోజే పొగకు లేచిపోయాయి. ఖాళీ పెట్టెల ఎగువవైపు రంగు బుడగలు లేచి మాడింది, దిగువవైపు నిగనిగలాడుతూనే ఉంది. అక్కణ్ణుంచి పైనున్న రాళ్ళు కూడా ఇంకా పైకే చూస్తున్నాయి. ముగ్గురూ ఎక్కారు. కొండ నెత్తిన, వేసవి మొదట్లో పిడుగు పడి చీలిన పెద్ద చెట్టుంది. అక్కడ రాళ్ళు నాలుగు దిక్కుల నుంచీ ఆ చెట్టునే చూస్తున్నాయి.

చెట్టు మొదట్లో ఒక బొరియ. ఆఫీసరమ్మ దాని మీద చెయ్యి ఆడించి, "ఇంకా వెచ్చగానే ఉంది" అంది. మట్టి తవ్వితే లోపల వేరు లేదు. వేరు ఉండిన చోటు ఉంది. తొడంత లావు సొరంగం, దాన్లోంచి చేతులంత, వేళ్ళంత పాయలు, మట్టి గోడల మీద బెరడు గీతలతో సహా అచ్చుపడి ఉన్నాయి.

"పిడుగు వేళ్ళలోకి దిగింది. వాన పైన తడిపిందే గాని లోపల ఆర్పలేదు. నిప్పు మంట లేకుండా వారాల తరబడి వేరు తింటూ కూర్చుంది. ఎండుగడ్డి దగ్గర పైకి తేలింది. గాలి కిందికి తోసింది."

తేనెమ్మ బొరియ అంచున కూర్చుంది. ఆ వారాలన్నీ తను ఈ చెట్టు నీడనే అన్నం మూట విప్పుకుంది. కింద నిప్పు మేస్తుంటే పైన కునుకు తీసింది. భయమూ భక్తీ ఒక్కసారే ముంచుకొచ్చి, తెలియకుండానే చేతులు జోడించింది. పెట్టినవాళ్ళు లేరు, తిట్టడానికి మొహం లేదు, ఉన్నదల్లా ఆ నిప్పుకున్న ఇంత పెద్ద ఓపిక.

"నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇదేంటక్కా, పొగ లేకుండానే నిప్పు!" తోడికోడలు పక్కనే కూర్చుని ఆ బొరియలోకి తొంగిచూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "నేనూ నువ్వేననుకున్నా. మొదటి రోజు నుంచీ."

"మరి ఒక్క మాటైనా అడగలేదేం?"

"అడిగితే అవునంటావు. అప్పుడు నిన్ను అక్కడికక్కడే క్షమించాలి. ఇల్లు కాలిన కొత్తలో అంత శక్తి నాకెక్కడిదక్కా? అందుకే అడక్కుండా, రోజుకింత చొప్పున క్షమించడం మొదలుపెట్టా."