పడవ పాట, మూడుసార్లు

మా ఆయన బస్సు కండక్టరు. రిటైరై ఆరేళ్ళయినా నేనలాగే చెప్పుకుంటాను, ఎందుకంటే ఆయన గొంతు సంగతి అక్కణ్ణుంచి మొదలుపెడితేగానీ అర్థం కాదు. కిక్కిరిసిన బస్సులో ముందు మెట్టు మీద నిలబడి స్టాపు పేరు చెబితే, వెనక సీట్లో కునికిపాట్లు పడుతున్నవాడు కూడా ఉలిక్కిపడి సంచి సర్దుకునేవాడు. ఇంట్లో ఆ గొంతుకు పోటీ నేనొక్కదాన్నే. బట్టలు కుట్టే పని నాది. మిషను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ నాకు నెమ్మదిగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. నన్ను లౌడ్‌స్పీకరనేవాడు.

పార్కిన్సన్స్ వచ్చాక ముందు చెయ్యి వణికింది, తరవాత అడుగు చిన్నదైంది, ఆ తరవాత గొంతు తగ్గింది. చెయ్యి వణకడం ఆయనకు కనబడేది. గొంతు సంగతి మాత్రం తెలిసేది కాదు. తను మామూలుగానే మాట్లాడుతున్నాననీ, నాకే చెవులు పోయాయనీ దెబ్బలాడేవాడు. డాక్టరు పాటల క్లాసుకు పంపింది. వారానికి రెండు రోజులు, ఆసుపత్రి మేడ మీద గదిలో, పదిమంది పేషెంట్లూ వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ. పాటల టీచరు మా అమ్మాయి వయసుది.

"ఇది కచేరీకి కాదు. మాట్లాడే కండరాలకి కసరత్తు. మాట ఆగిపోయిన చోట కూడా ఒక్కోసారి పాట సాగుతుంది" అని చెప్పి, తనే కట్టిన పడవ పాట నేర్పింది. నాలుగు వరుసలు. ఒక్కో వరుస ఒక్క గుక్కలో పాడాలి.

ఆయన పక్కన కూర్చుని నేనూ పాడేదాన్ని. ఊరుకోవడం నా ఒంట్లో లేదు. ఆయనకు అందని చోట నేను ఎత్తుకునేదాన్ని. "బాగా పాడుతున్నారు బాబాయ్" అని టీచరు అంటే ఆయన మొహం ఇంతైపోయేది. అందులో నాకేం పోయింది? ఇంట్లోనూ అంతే, ఆయన హాల్లో మొదలుపెడితే నేను మిషను దగ్గర్నుంచి కలిపేదాన్ని.

ఆ శనివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్ళాడు. నేను ఎవరి పిల్లాడిదో స్కూలు చొక్కాకి కాలరు కుడుతున్నాను. కాసేపటికి బాత్‌రూంలోంచి పడవ పాట వినిపించింది. అక్కడ గొంతు మారుమోగుతుంది కదా, రోజూ కంటే బాగా వినబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అడక్కుండానే ప్రాక్టీసు చేస్తున్నాడని మురిసిపోయి నేనూ అందుకున్నాను. నాలుగు వరుసలూ అయ్యాయి. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ కలిపాను. మూడోసారి రెండో వరుసలో ఆగిపోయాడు.

"ఆగారేం, కానివ్వండి" అని ఇక్కణ్ణుంచే కేకేసి, మిగతా రెండు వరుసలూ నేనే పాడేశాను.

కాలరు అయ్యాక, నీళ్ళ చప్పుడు లేదేమిటని లేచాను. లోపల గడియ పెట్టుకోలేదు, అదొక్కటే అదృష్టం. గోడకూ బకెట్టుకూ మధ్య పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది, పెదాలు చలికి నల్లబడ్డాయి.

మంచం మీదికి చేర్చి దుప్పటి కప్పాక, నా బుద్ధి ఎక్కడికి పోతుంది, ముందు ఆయన మీదే విరుచుకుపడ్డాను. "పడినవాళ్ళు పిలవాలి గానీ పాటలేమిటండీ?"

ఆయన పెదాలు చాలాసేపు కదిలాయి. "పిలవబోయాను. రాలేదు. పాటొకటే వచ్చింది." కాస్త ఆగి, "నువ్వు కలిపావు" అన్నాడు.

తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ రోజుతో పాట మానేశాడు. క్లాసుకు రానన్నాడు. మెళ్ళో వేసుకోమని అమ్మాయి విజిల్ కొనిచ్చింది. "ముప్పై ఏళ్ళు ఊదాను, ఇక చాలు" అని సొరుగులో పడేశాడు. నేను వంటింట్లో ఉన్నాననుకుని దాన్ని ఊది చూసుకోవడం, అది పలక్కపోవడం నా కంట పడింది. మూడు వారాలు తిరిగేసరికి, దగ్గరికెళ్ళి వంగితేగానీ ఆయన మాట అందడం లేదు. ఆయన స్నానం చేస్తున్నంతసేపూ తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. ఈసారి పడితే ఆ పాట కూడా రాదని నా భయం. మిషను తొక్కుతున్నా అదే, అన్నం తింటున్నా అదే.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను. "క్లాసుకు వెళ్దాం. నేను నోరెత్తను, ఒట్టు."

"నా గొంతు బాగానే ఉంది. టీచరే చెప్పింది కదా."

ఒళ్ళు మండింది. టీచరు బాగుందన్నది ఎవరి గొంతో నాకు తెలుసు.

"అయితే నేను వంటింట్లో నిలబడతాను. మీరు ఇక్కడ పాడండి. వినబడిందంటే ఇక క్లాసు మాటెత్తను."

"కలపకూడదు."

"కలపను."

వంటింట్లోకి వెళ్ళి స్టౌ ఆపాను. కారుతున్న కుళాయి బిగించాను. ఫ్రిజ్ గుర్రుమంటుంటే దాని స్విచ్చి కూడా తీసేశాను. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. ఎంతకీ మొదలుపెట్టడేం, మొండికేశాడా అని విసుగొచ్చి హాల్లోకి తొంగిచూశాను.

పాడుతున్నాడు. కళ్ళు మూసుకుని, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, మెడ నరాలు ఉబ్బిపోతుంటే పాడుతున్నాడు. పెదాల్ని బట్టి మూడో వరుసలో ఉన్నాడని పోల్చుకున్నాను. నా గొంతులోకి వచ్చేసిన పాటని చేత్తో నోరు మూసుకుని ఆపుకున్నాను.

అయ్యాక కళ్ళు తెరిచి, గుమ్మంలో నన్ను చూసి నవ్వాడు. "వినబడిందా?"

వినబడిందనడం ఎంత పని. ఇన్నాళ్ళూ నేను పక్కన కూర్చుని పాడింది ఆ అబద్ధమే.

"లేదండీ. ఒక్క ముక్క కూడా వినబడలేదు. క్లాసులో టీచరు విన్నది కూడా చాలామటుకు నా గొంతే."

నవ్వు పోయింది. తరవాత నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. వెళ్ళి వంగి చెవి పెట్టాను.

"క్లాసులో నా పక్కన కూర్చోకు" అన్నాడు. "వెనక సీట్లో కూర్చో."