ఒక్క గుటక

మార్చి తొమ్మిదిన అక్క తిన్నది మెత్తగా చిదిమిన సగం అరటిపండు. తినిపించింది తమ్ముడే. పసిపిల్లకు మందు పోసినట్టు ఆమె తల కాస్త వెనక్కి వాల్చి చెంచాతో జార్చాడు. ఒక్కసారి కూడా దగ్గలేదని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. మర్నాటికి జ్వరం, ఆయాసం. పక్షవాతం వచ్చి మూడు వారాలైనా కాకముందే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. అప్పటినుంచి ముక్కులోంచి వేసిన గొట్టమే ఆమెకు తిండీ, నీళ్లూ.

ఈ పూట ఆసుపత్రిలో చేసే పరీక్షలో సరిగ్గా మింగలేదని తేలితే, పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం వేయాల్సిందే అన్నది డాక్టరమ్మ.

“ఇక నోరున్నది నిన్ను తిట్టడానికేరా,” అన్నది అక్క, మాట ముద్దగా వస్తుంటే.

“ఆ పని ఎప్పుడు మానావు గనక,” అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ నాలుక చాపమన్నది. అది నేరుగా రాకుండా ఎడమకు ఒరిగింది. బలం తగ్గింది ఆ వైపే అన్నది. గొంతు మీద వేళ్లు ఆనించి, ఉమ్మి మింగించి, కళ్లు మూసుకుని ఏదో విన్నట్టు నిలబడింది.

తర్వాత ఎక్స్‌రే గది. తెర మీద నల్లగా కనబడే బేరియం మందు కలిపిన పాలు చెంచాడు నోట్లో పోశారు. అద్దం ఇవతల తెర మీద అక్క దవడ, మెడ ఎముకలు కదులుతున్నాయి. నాలుక నల్లటి గుటకను వెనక్కి తోసింది. అంగిలి లేచి ముక్కు దారి మూసింది. స్వరపేటిక పైకి లేచింది, చిన్న మూత వాలి ఊపిరి దారిని కప్పబోయింది. అంతా ఒక్క క్షణం. అరవై నాలుగేళ్లుగా తనలోనూ ఇంత పని జరుగుతున్నదని తమ్ముడు ఎరగడు. నోరు తెరుచుకుని చూశాడు.

అంతలో దారంలాంటి నల్లటి చార ఒకటి ఊపిరి గొట్టంలోకి జారింది. అక్క మామూలుగానే కూర్చుని ఉంది.

“దగ్గలేదు కదండీ?” అన్నాడు తమ్ముడు, పక్కనున్న డాక్టరమ్మతో.

“దగ్గాలి. లోపలికి పోయినట్టు ఆవిడకు తెలియడం లేదు, చిక్కంతా అదే.”

“నేను తల వెనక్కి వాల్చి పెట్టేవాణ్ణి,” అన్నాడు మెల్లగా.

డాక్టరమ్మ తప్పు పట్టలేదు. “చాలామంది అలాగే పెడతారు. అలా చేస్తే ఊపిరి దారి ఇంకా తెరుచుకుంటుంది,” అని చెప్పి, లోపలికి వెళ్లి అక్క భుజం తట్టింది. “గడ్డం దించండమ్మా. తల ఎడమకు తిప్పి మింగండి.”

“బలం లేని వైపుకా?” అన్నాడు తమ్ముడు.

“అటు తిప్పితే ఆ దారి నొక్కుకుంటుంది. మంచి వైపు నుంచి పోతుంది.”

ఈసారి చిక్కగా కలిపినది పెట్టారు. నల్లటి ముద్ద మలుపు దగ్గర ఒక్క లిప్త ఆగింది, ఒరిగింది, అన్నవాహికలోకి దిగిపోయింది. ఊపిరి దారిలో చుక్క లేదు. మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే. తమ్ముడు చేతులు ఎప్పుడు జోడించాడో అతనికే తెలియలేదు.

ముక్కు గొట్టం ఇంకొన్నాళ్లు ఉండాలి. నీళ్లు ఇప్పుడే వద్దు. పొట్టకు రంధ్రం మాత్రం అక్కర్లేదు.

ఆ సాయంత్రం వార్డులో చిక్కటి జావ ఏడు చెంచాలు పట్టించాడు. ప్రతి చెంచాకూ ఆమెకంటే ముందు తనే గుటక వేశాడు.

“నా గిన్నెకు దిష్టి పెట్టకురా,” అన్నది అక్క.

డాక్టరమ్మ చెప్పినట్టే అరగంట నిటారుగా కూర్చోబెట్టాడు. పడక కొంచెం దించి, దుప్పటి సర్ది, ఆమె ఊపిరి తేలిగ్గా ఆడేదాకా నిలబడ్డాడు. తర్వాత బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.