నిలబడకూడని పడవ

దుర్గాశంకర్ గుడ్డల వ్యాను పల్లెపాలెం వచ్చిందంటే ఆడవాళ్ళు చీరల కోసం చుట్టుముట్టడం మామూలే. 2004 ఫిబ్రవరిలో ఆ శనివారం మాత్రం మగవాళ్ళు చుట్టుముట్టారు. వ్యాను టాపు మీద పసుపుపచ్చటి ప్లాస్టిక్ పడవ ఒకటి తాళ్ళతో కట్టి ఉంది.

“ఇది పడవాండీ, గేదెల కుడితి తొట్టాండీ?” అన్నాడు పెద్దబ్బాయి.

అందరూ నవ్వారు. పెద్దబ్బాయి మాటంటే ఆ ఊళ్ళో విలువ. ముప్పై ఏళ్ళుగా బందరు సముద్రంలో వేట చేస్తున్నవాడు. నీళ్ళ రంగు చూసి చేప ఎక్కడుందో చెబుతాడు. గాలి వాసన చూసి రేపు బోటు తియ్యాలో వద్దో చెబుతాడు. తప్పయినా ఒప్పుకోడు గనక ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదని పేరు.

“కయాక్ అంటారయ్యా దీన్ని,” అన్నాడు దుర్గాశంకర్. “ఇద్దరు కూర్చోవచ్చు. ఇబ్రహీంపట్నం అవతల ఏటి ఒడ్డున రిసార్టు మూసేస్తుంటే కొన్నాను. రేపు పొద్దున్నే నువ్వూ నేనూ సముద్రంలోకెళ్ళి గేలం వేద్దాం.”

దుర్గాశంకర్ పెడన నేతగాళ్ళ ఇంటి బిడ్డ. విజయవాడ వన్ టౌన్‌లో బట్టల షాపు. యాభై దగ్గర పడ్డాయి, పొట్ట ముందుకొచ్చింది. మోకాలు దాటి ఎప్పుడూ సముద్రంలోకి దిగలేదు. కానీ రెండు నెలలుగా ప్రతి ఆదివారం కృష్ణలో ఈ పడవ తిరగేసుకుని మళ్ళీ ఎక్కడం సాధన చేశాడట. పడవతో పాటు ఇచ్చిన పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివాడట. ఒంటరిగా పోకూడదని అందులో ఉంది కాబట్టే పెద్దబ్బాయి కావాల్సొచ్చాడు.

ఆ సాయంత్రం ఉప్పుటేరులో పడవ దింపారు.

“ముందు ఇక్కడ ఇద్దరం పడిపోయి, మళ్ళీ ఎక్కడం చూద్దాం,” అన్నాడు దుర్గాశంకర్. అంటూనే తను దభీమని పడ్డాడు. పడవ పక్కన నీళ్ళ మీద బోర్లా తేలి, కాళ్ళు టపటపా కొట్టి, పొట్ట మీద జారుతూ అడ్డంగా ఎక్కి, మెల్లగా తిరిగి కూర్చున్నాడు. చూడ్డానికి కొర్రమేను బురదలోకి పాకినట్టుంది గానీ, ఎక్కాడు.

“ఇప్పుడు నువ్వు.”

“నేనా? నాకు పడ్డం నేర్పిస్తారా షావుకారు గారూ?” పెద్దబ్బాయి గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. “నేను పడేవాణ్ణయితే ఈపాటికి చేపలు నన్ను తినుండేయి.”

మర్నాడు తెల్లారాక బయల్దేరే ముందు లైఫ్ జాకెట్ దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. ఆ నారింజ రంగు మెత్త తొడుక్కుంటే ఊళ్ళో పరువేం కావాలని పెద్దబ్బాయి బాధ. అతని భార్య గంగాదేవి బందరు మార్కెట్లో చేపలమ్మే మనిషి. బేరంలో ఆవిడ మీద గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

“తొడుక్కో మావా.”

“పోవే.”

ఆవిడ మళ్ళీ అడగలేదు. జాకెట్ అతని మెడలో వేసి, బకిల్ విరిగి ఉంటే వల అల్లే దారంతో రొమ్ము మీద నాలుగు ముడులు బిగించేసింది. దుర్గాశంకర్ తన సెల్‌ఫోన్ రెండు కవర్లలో చుట్టి ఆవిడ చేతికిచ్చాడు.

“తొమ్మిదింటికల్లా ఒడ్డున ఉంటామమ్మా. తొమ్మిదింబావుకి కూడా కనబడకపోతే ఆలోచించకుండా బోటు పంపించెయ్యి.”

“మరియదాసు బోటు సిద్ధంగానే ఉందండీ. ఇటేపు దక్షిణంగానే పోతారా?”

“దక్షిణంగానే. మైలు దాటం.”

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు విరుగుతున్నాయి. అక్కడ మాత్రం పెద్దబ్బాయి మాట చెల్లింది. “ఆగండి. పెద్దవి వరసగా వస్తాయి. అయ్యాక కాస్త తెరిపిస్తది. అప్పుడు ముక్కు సూటిగా కెరటానికి పెట్టి లాగించాల. పక్క చూపించామంటే దొర్లించేస్తది.” నాలుగు కెరటాలు పోనిచ్చి, “ఇప్పుడు!” అన్నాడు. ఇద్దరూ తెడ్లు వేశారు. పడవ ఒక్కసారి లేచి, దిగి, మొగ దాటేసింది.

దాటాక విరగని అలలు. పొడుగ్గా, నున్నగా, ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పైకి లేస్తే పల్లెపాలెం, సరుగుడు తోట కనబడుతున్నాయి. కిందికి దిగితే చుట్టూ నీళ్ళ గోడలు తప్ప ఏమీ లేవు. దిగినప్పుడల్లా దుర్గాశంకర్ “దుర్గమ్మ తల్లీ” అంటున్నాడు. లేచినప్పుడు “ఆహా” అంటున్నాడు. పెద్దబ్బాయి వెనక కూర్చుని రొమ్ము మీది ముడులు విప్పుకోవాలని చూస్తున్నాడు. అవి వేళ్ళకి లొంగలేదు.

గట్టు మీంచి వీచే గాలి వీపుని తోస్తోంది. పోవడానికి హాయిగా ఉంది. “తిరిగొచ్చేప్పుడు ఇదే గాలికి ఎదురు లాగాల, గుర్తుంచుకోండి,” అన్నాడు పెద్దబ్బాయి.

ఎనిమిదిన్నరకి దుర్గాశంకర్ గేలం కర్ర వంగింది. వంగడం కాదు, విరిగినంత పనయింది.

“పడింది! పెద్దబ్బాయ్, పడింది! వంజరం!”

“వంజరం ఇట్టా లాగదండీ. టేకు చేప. తోకలో ముల్లుంటది. మనకొద్దు, కోసెయ్యండి.”

“నా మొదటి చేపయ్యా!”

చేప అడుగున పట్టుకుని పడవని ఎడ్లబండిలా లాక్కుపోతోంది. పడవ పక్క మెల్లమెల్లగా అలలకి తిరుగుతోంది. ఒడ్డు ఎంత దూరమయిందో చూద్దామంటే పెద్దబ్బాయికి నీళ్ళ గోడే కనబడింది. ఇలాంటప్పుడు అతను ముప్పై ఏళ్ళుగా చేసే పని ఒకటుంది. ఆలోచించకుండా అదే చేశాడు.

లేచి నిలబడ్డాడు.

పడవ ఎంత తేలిగ్గా తిరగబడిందంటే, ఆకాశం ఉన్నచోట నీళ్ళెందుకున్నాయో కాసేపు అతనికి అర్థం కాలేదు. జాకెట్ అతన్ని బెండులా పైకి తెచ్చి పడేసింది. ఉప్పునీళ్ళు కక్కి ఈదబోతే కుడికాలు కదల్లేదు. గేలం దారం పిక్క చుట్టూ బిగిసింది. ఆ చివర టేకు చేప లాగుతోంది.

పెద్దబ్బాయికి భయం వేసింది. అది అతనికి కొత్త.

“షావుకారు గారూ! కాలు!”

దుర్గాశంకర్ ఒక చేత్తో పడవని పట్టుకునే ఉన్నాడు. రెండో చెయ్యి జాకెట్ జేబులోకి పోయింది. బయటికొచ్చింది కత్తెర, షాపులో తానులు కత్తిరించేది, జానెడు పొడుగు. జారిపోకుండా దానికి లంగానాడా కట్టి ఉంది. ఒక్క కోత. తన మొదటి చేప ఎటుపోయిందో దుర్గాశంకర్ తలెత్తి కూడా చూడలేదు.

ఇద్దరూ కలిసి పడవని వెల్లకిలా తిప్పారు. దుర్గాశంకర్ కాళ్ళు టపటపలాడించి, పొట్ట మీద జారి ఎక్కేశాడు. పెద్దబ్బాయి మామూలు బోటు అంచు పట్టుకున్నట్టు పట్టుకుని ఎగిరాడు. పడవ అతని మీదికి ఒరిగింది. మళ్ళీ ఎగిరాడు. మళ్ళీ ఒరిగింది.

“ఎగరకయ్యా! పడుకో! నీళ్ళ మీద పడుకుని కాళ్ళు కొట్టు!”

“రావట్లేదండీ!”

ఆఖరికి దుర్గాశంకర్ అతని జాకెట్ భుజాలు రెండూ పట్టుకుని, మూటని అటక మీదికి లాగినట్టు లాగాడు. గంగాదేవి వేసిన ముడులు ఒక్కటీ సడల్లేదు. పెద్దబ్బాయి బోర్లా వచ్చి షావుకారు ఒళ్ళో పడ్డాడు.

“ఇంక నిలబడకు,” అన్నాడు దుర్గాశంకర్.

“నిలబడనండీ.”

ఒక తెడ్డు తాడుతో కట్టి ఉండబట్టి దక్కింది, రెండోది పోయింది. ఒక్క తెడ్డుతో, గాలికి ఎదురు, ఒడ్డు దగ్గర పడేలా లేదు. అల పైకి లేచినప్పుడల్లా దుర్గాశంకర్ జాకెట్‌కి కట్టిన ఈల ఊదుతూ కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకి మరియదాసు బోటు చప్పుడు వినబడింది. మరియదాసు తాడు విసిరి పడవని తన బోటుకి కట్టుకున్నాడు. కట్టడం అయ్యాక మొగ దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

ఒడ్డున సగం ఊరుంది. గంగాదేవి మొగుణ్ణి కింద నుంచి పై దాకా ఒకసారి చూసి, కాలి మీద దారం కోసిన గాటు చూసి, కొంగు చింపి కట్టింది. అప్పుడే కవర్లలో సెల్ మోగింది. వన్ టౌన్ నుంచి దుర్గాశంకర్ భార్య సుబ్బరత్నం.

“ఏమన్నా పట్టారా?” ఆవిడ గొంతు చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

“పట్టాను. డెబ్బై కేజీలుంటుంది. పేరు పెద్దబ్బాయి.”

ఒడ్డంతా గొల్లుమంది. పెద్దబ్బాయి మొహం జేవురించింది. ఫోన్ లాక్కుని సముద్రంలోకి విసిరేస్తాడేమో అనుకున్నారు. లాక్కున్నాడు గానీ, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“అమ్మా, ఆయన చెప్పింది నిజమే. పడవలో లేచి నిలబడింది నేను. తప్పు నాదే. మీ ఆయన లేకపోతే నేను లేనమ్మా.”

ఇరవై రెండేళ్ళ కాపరంలో గంగాదేవి అతని నోట ‘తప్పు నాదే’ అన్న మాట వినలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

“మావా, ఇంకోసారి చెప్పు,” అంది. “వెనకున్నోళ్ళకి వినబళ్ళా.”

సాయంత్రం నాలుగింటికి ఉప్పుటేరులో పసుపు పడవ మళ్ళీ దిగింది. దుర్గాశంకర్ గంగాదేవి ఇచ్చిన పొడి లుంగీ కట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. నీళ్ళలో పెద్దబ్బాయి, కాలికి కట్టుతో, కావాలని పడుతున్నాడు, ఎక్కబోయి జారుతున్నాడు, తిడుతున్నాడు, మళ్ళీ పడుతున్నాడు.

“కాళ్ళు పైకి! పొట్ట మీద జారు!” అరుస్తున్నాడు దుర్గాశంకర్.

“నాకు పొట్ట లేదుగదండీ!”

ఏడోసారికి ఎక్కాడు. ఎక్కి, రెండు చేతులతో రెండు అంచులూ గట్టిగా పట్టుకుని, ఎవరు ఎంత మెచ్చుకున్నా లేవకుండా కూర్చున్నాడు.