మెత్తని పక్క

లక్ష్మణమ్మ గిన్నెలోని నీళ్ళలో మోచేయి ముంచి చూసింది. పసిపిల్లకు పోసేపాటి గోరువెచ్చన. చిటికెడు ఉప్పు వేసింది. కౌజుపిట్టను రెక్కలు కదలకుండా కొంగులో చుట్టి, కుంటుతున్న కాలు ఒక్కటీ నీళ్ళలోకి దించింది. పిట్ట ఒకసారి తన్నుకుని, వెచ్చదనం నచ్చినట్టు ఊరుకుంది.

"ఏటైనాదే దానికి?" మంచం మీంచి అడిగాడు మొగుడు కూర్మయ్య. అడగడానికి ముందొక దగ్గు, అడిగాక రెండు.

"ఉండు మావా, సూడనీ."

పాదానికి గట్టిపడిన రెట్ట బెల్లంముక్కలా అంటుకుని ఉంది. కిందటి వానాకాలం ఇలాగే ఉంటే గీకింది. గోరు ఊడి చేతిలోకొచ్చింది. ఈసారి నాననిచ్చింది. అది మెత్తబడి నీళ్ళలో కలిసిపోయాక అసలు సంగతి బయటపడింది. నడిమి వేలి మొదట్లో ఏదో బిగుసుకుని, వేలు వాచి నేరేడుపండు రంగుకు తిరిగింది. కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని చూసింది.

జనపనార పోగు.

లక్ష్మణమ్మ చేయి ఆగింది. ఆ నార తెచ్చింది తనే.

గోనె మిల్లులో కండెలకు దారం చుట్టే పని ఆమెది. షిఫ్టు దిగేసరికి జుట్టులో, కనురెప్పల మీద, రవిక కుట్లలో నార నూగే. అది చాలనట్టు యంత్రాల కింద పడ్డ తుక్కు రోజూ ఓ గుప్పెడు ఒడిలో వేసుకొస్తుంది. అదే మిల్లులో పనిచేసిన కూర్మయ్య ఊపిరాడక మానేసి ఇంట్లో కూర్చున్నాక, ఆ గుప్పెడే అతనికి మిగిలిన పని. పొర కమ్మింది కళ్ళకు గాని వేళ్ళకు కాదు. సాయంత్రమంతా కూర్చుని ఆ నారను పోగు పోగునా విడదీసి, దూదిలా చేసి, పిట్ట బుట్టలో పరుస్తాడు. "మాకు గోనె సంచే గతి. దీనికి సూడండి, పట్టుపరుపు," అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. పాతపట్నం సంతలో కూరకని కొన్న పిట్ట అది. తోవలో అతని అరచేతిలో గింజలు తిని, కూర కాకుండా తప్పించుకుంది.

నీ పరుపే దీని కాలు కోసిందని ఆ మనిషితో ఎలా చెప్పడం?

"ఏటదీ?"

"ఎంట్రుక సుట్టుకుంది."

"నా బుర్ర మీద ఎంట్రుకలేటున్నాయే?"

"నాదేలే. నీ బోడిగుండు మీద నేరం మోపితే దేవుడొప్పుకుంటాడేటి?"

కూర్మయ్య నవ్వబోయి దగ్గాడు.

ఆమె కుడి చూపుడువేలికి చివరి కణుపు లేదు. ఒకనాడు మిల్లులో దారం చుట్టుకుంటే పక్కనున్నవాళ్ళు కంగారుపడి లాగేశారు. అందుకే ఇప్పుడు ఆమె లాగలేదు. సూదిమొనతో పోగును కొద్దిగా ఎత్తి, కత్తెర కొసతో తెంపింది. దాని కింద ఇంకొకటి. అదీ తెగి నీళ్ళలో పడ్డాక నెత్తుటిబొట్టు కనబడింది. శుభ్రమైన గుడ్డతో అద్ది బెటడిన్ రాసింది. వేలు నిలుస్తుందో, నల్లబడి రాలిపోతుందో రెండ్రోజులు ఆగితే గాని తెలీదు. కాలు మాత్రం దక్కింది.

పిట్టను అట్టపెట్టెలో వదిలి, బుట్టలోని నారంతా తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది.

"గేటు కాడ సోదా సేస్తన్నారు మావా. ఇక మీదట నార తేలేను," అంది పొయ్యి దగ్గర్నుంచే, అటు తిరిగి.

ఇటు తిరిగేసరికి కూర్మయ్య మంచం కోడు పక్కనున్న గిన్నెలో వేళ్ళు పెట్టి, చల్లారిన నీళ్ళను మెల్లగా కలుపుతున్నాడు.

"సర్లే. నువ్వెల్లు. మిల్లు కూత ఏసేత్తారు," అన్నాడు.

పొద్దు వాలుతుండగా మేస్త్రి వచ్చి ఆమె భుజం తట్టాడు. యంత్రాల హోరులో అతనేం చెప్పాడో వినబడలేదు. ముఖం చూసి అర్థం చేసుకుంది.

ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. కూర్మయ్యను అరుగు మీద పడుకోబెట్టారు. పొరుగింటి జగదాంబ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది.

"జల్లెడిమ్మని అడిగాడొదినా. మా ఇంటి ముందర ఇసక కుప్ప కాడ కూకుని జల్లించాడు. 'ఆయాసం తన్నుకొత్తంటే నీకెందుకన్నయ్యా ఇయ్యన్నీ' అన్నాను. ఇన్నాడా? 'మా లచ్చమ్మ ఎంట్రుకని సెప్పింది. బతుకంతా నార పట్టినోడికి నీల్లలో ఏలెడితే తెలీదేటి? నాకు తెలిసినట్టు దానికి సెప్పకు' అని నవ్వాడు. బుట్టలో ఇసక పరిసి, పిట్టనొదిలి, గోడకానుకున్నాడు. నిద్దరట్టీసిందనుకున్నాను."

లక్ష్మణమ్మ అతని అరచేయి విప్పింది. గీతల్లో సన్నని ఇసుక. తుడవలేదు.

లోపల బుట్టలో పిట్ట ఒంటికాలి మీద బరువానించి, ఇసుకలో పొట్ట దించి సర్దుకుంటోంది. గోడ వారన జగదాంబ జల్లెడ ఉంది. అందులో గులకరాళ్ళు, నత్తగుల్ల ముక్క, విరిగిన గాజుపెంకు.