ముప్పై, అరవై రెండు, పదహారు

వీధిలో అందరూ డాక్టరని పిలిచే ఆ మెకానిక్‌కి డిగ్రీ లేదు గాని, స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి ఇంజను గుండె చప్పుడు వినే అలవాటుంది. రోగం చెప్పడంలో అతనికి మంచి పేరే. ఆ పేరు కాస్తా రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి కారు దగ్గర బొట్టుబొట్టుగా కారిపోయింది.

కారుకి యాభై ఆరేళ్లు. వెనక ఎడమ చక్రంలోంచి నూనె కారి బ్రేకుల మీద పడుతోంది. డాక్టరు ఇరుసు మీది రబ్బరు సీలు మార్చాడు. వారం తిరక్కుండా మళ్లీ కారింది. ఇంకోటి వేశాడు. అదీ అంతే. మూడోదీ మోసం చేసేసరికి, "ఈ కాలం రబ్బరుకి నీతి లేదు మేడం" అన్నాడు మేకపోతు గాంభీర్యంతో.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. "మూడుసార్లు తప్పినవాణ్ణి నాలుగోసారి ఊరికే పరీక్షకి పంపను నేను. తప్పెక్కడుందో ముందు చూడు."

అతను ఇరుసు బయటికి లాగి, గుడ్డతో తుడిచి చూపించాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని, సీలు కూర్చునే చోట గోటితో గీసింది. గోరు టక్కున ఆగింది.

"ఇదేంటయ్యా, గాడి?"

డాక్టరూ గీసి చూశాడు. అతని గోరూ ఆగింది. ఇన్నేళ్లుగా సీలు అంచు ఒకేచోట రాసుకుని ఉక్కులో సన్నటి కాలువ తవ్వేసింది. పైన ఎంత కొత్త రబ్బరు వేసినా నూనె అందులోంచి దర్జాగా నడిచొస్తోంది.

"మరి రబ్బరు నీతి సంగతి?" అంది ఆవిడ.

డాక్టరు రేకంత పలచటి ఉక్కు తొడుగొకటి తెప్పించి, పైపు ముక్క ఆనించి, సుత్తితో మెల్లగా తడుతూ గాడి మీదికి ఎక్కించాడు. ఇప్పుడు గోరు పెడితే గాజు మీద జారినట్టు జారింది.

అంతటితో అయిపోతే బాగుండేది. చక్రం బేరింగు చేత్తో తిప్పితే గరగరమంది. మార్చక తప్పదు. దాని మీది అంకెలేమో ఎప్పుడో అరిగిపోయాయి. డాక్టరు పాత కార్ల సామాన్ల దుకాణాలన్నీ కాళ్లరిగేలా తిరిగాడు. కారు పేరు చెప్పగానే ఒకడు నవ్వాడు. ఇంకొకడు, "అది ఇంకా నడుస్తోందా? ఓ ఫొటో పంపండి, మా నాన్నకి చూపిస్తాను" అన్నాడు. మూడు వారాలు గడిచాయి. తిండి సయించడం మానేసింది.

ఒక ఆదివారం ఇంట్లో వాషింగ్ మెషిన్ గిర్రున తిరుగుతుంటే అతనికి ఉన్నట్టుండి ఏదో తట్టింది. టైలర్ పని చేసే భార్య కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి బయటికెళ్లింది. ఆవిడ తిరిగొచ్చేసరికి మెషిన్ డ్రమ్ము హాల్లో పడి ఉంది, తడిబట్టలు సోఫా మీదున్నాయి, మొగుడు ఒక చేతిలో బేరింగు, ఇంకో చేతిలో ఇనప కొలబద్ద పట్టుకుని గంతులేస్తున్నాడు.

"దొరికిందే! లోపల ముప్పై, బయట అరవై రెండు, మందం పదహారు! కారు దానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు!"

"ఇంతకీ దుకాణాల్లో ఏమని అడిగారు?"

"కారు పేరు చెప్పి అడిగా."

"నేను బట్ట కత్తిరించేది మనిషి పేరు చూసా, కొలత చూసా?"

డాక్టరు గంతులు ఆగిపోయాయి.

ఆవిడ మూడు అంకెలూ గుడ్డపేలిక మీద సుద్దతో రాసుకుని, సందు మలుపులో మోటారు పంపుల సామాన్లమ్మే కొట్టుకి వెళ్లింది. కొట్టాయన కుర్చీలోంచి లేవకుండానే వెనక అరలోంచి అట్టపెట్టె లాగాడు.

"ఎన్ని కావాలమ్మా? పంపుకైనా, ఫ్యానుకైనా, కారుకైనా కొలత కలిస్తే ఇదే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది డాక్టరు పని. ఆవిడ రెండు తెచ్చింది, కారుకొకటి, తన మెషిన్‌కొకటి. మెషిన్‌ది ముందు బిగిస్తేగాని కారుది చేతికివ్వలేదు.

హెడ్మిస్ట్రెస్ గారు చక్రం కింద తెల్లకాగితం పరిచి పదిరోజులు కాపలా కాసింది. ఒక్క చుక్క పడలేదు. కాగితం పట్టుకొచ్చి, "బేరింగు ఎక్కడ దొరికిందయ్యా?" అని అడిగింది. డాక్టరు కాసేపు చెవి గోక్కుని, "మా ఆవిడ తెచ్చిందండీ" అని నిజం ఒప్పుకున్నాడు.

ఆ మాట ఊళ్లో పాత కార్లవాళ్లందరికీ పాకింది. మరుసటి వారమే ఒక పెద్దాయన అరిగిన బేరింగు రుమాల్లో చుట్టుకొచ్చి, ఇంటి ముందు షెడ్డులో ఉన్న డాక్టర్ని దాటుకుని, నేరుగా కుట్టుమిషన్ ముందు నిలబడ్డాడు.

"కొలతలు చూసేది మీరేనా అమ్మా?"

ఆవిడ దారం కొరికి, మొగుణ్ణి కేకేసింది. "ఏమండీ, ఆ ఇనప కొలబద్ద తీసుకుని ఇటు రండి. మీరు కొలవండి, నేను రాస్తాను."