జిల్లా పుస్తకంలో కొండరోడ్డు

జిల్లా కార్యాలయంలో ఆ గుమాస్తాని అందరూ 'కవిగారూ' అనే పిలిచేవారు. అతను కవిత్వం రాసిన పాపాన పోలేదు. చెత్తబండి వేళలు తెలిపే నోటీసుని కూడా శుభలేఖలా రాసేవాడు, అంతే. జిల్లాకి ఏటేటా జనం పెరుగుతున్నారు, కొత్తగా వచ్చేవాళ్లకి మన చరిత్రా మన గొప్పా తెలిసేలా ఒక చిన్న పుస్తకం వెయ్యండి అని పైనుంచి ఉత్తర్వు రాగానే ఆ పని తిన్నగా అతని నెత్తినే పడింది.

రాశాడు. అరవై పేజీలు. ఆసుపత్రులు, బడులు, ఏటిగట్టు మీద నడకదారి, గాలీ వెలుతురూ ఉన్న అద్దె ఇళ్లు, ఏదీ వదల్లేదు. వదిలింది ఒక్క కన్నతల్లిని.

ఈ జిల్లాకి ప్రాణం కొండరోడ్డు. అది పడ్డాకే ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెనక జనం వచ్చారు. ఆ రోడ్డుకి కంకర కొట్టింది నలభైమంది ఆడవాళ్లు, మూడేళ్లపాటు, సుత్తులతో. వాళ్లలో అతని తల్లి ఒకతె. ఆవిడ ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ మడతపడవు. వారం రోజులు ఆవిడని కూర్చోబెట్టి అన్నీ అడిగి రాసుకున్నాడు. శుభ్రంగా తిరగరాసేటప్పుడు మాత్రం చెయ్యి వెనకాడింది. "ఇవన్నీ మీకెలా తెలుసు కవిగారూ?" అని పక్కసీటువాళ్లు అడిగితే? ఇరవై ఏళ్లుగా ఆఫీసులో తల్లి గురించి పెదవి విప్పనివాడు ఏం చెబుతాడు? 'ఆధునిక యంత్రాలతో ఏడాదిలో పూర్తయిన రోడ్డు' అని రాసేశాడు. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. ఇతను ఆ మంటని కూడా అందంగా వర్ణించాడు.

పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు తల్లి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడకి చదువు రాదు.

"మా రోడ్డు గురించి చదవరా, వింటాను."

అతను పేజీ తెరిచాడు. కళ్లు యంత్రాల మీదే ఉన్నాయి, నోరు మాత్రం వేరేది చదివింది. నలభైమంది ఆడవాళ్లు, ఎండ, సుత్తులు, మేస్త్రిని ఆటపట్టిస్తూ వాళ్లు కట్టిన పాటలు.

"పాటల సంగతి కూడా రాశావురా నాయనా!" అని ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

సిగ్గుతో అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

ఆదివారం ఉదయం కూరల సంచితో ఇంటికొస్తుంటే వాకిట్లోంచి పై వాటా నర్సు గొంతు వినిపించింది. ఆ అమ్మాయి ఈ జిల్లాకి బదిలీ మీద వచ్చి ఆర్నెల్లు కాలేదు. తల్లి ఆ పిల్ల చేతికి పుస్తకమిచ్చి, ఇరుగుపొరుగుల్ని ముగ్గుర్ని పిలిచి కూర్చోబెట్టింది.

"...ఆధునిక యంత్రాలతో ఏడాదిలో..."

"ఆగవే తల్లీ, పేజీ తప్పావు."

"లేదు పిన్నిగారూ, కొండరోడ్డు పేజీ ఇదే."

"మా వాడు చదివితే నలభైమందిమీ ఉన్నాం. ఇంత చదువుకున్నావు, ఉన్నది ఉన్నట్టు చదవడం రాదా? మధ్యమధ్యలో మింగేస్తావేం?"

నర్సు మొహం ఎర్రబడింది. మళ్లీ మొదటినుంచీ వేలుపెట్టి చదివింది. మళ్లీ యంత్రాలే వచ్చాయి. పొరుగావిడ ఒకతె కిసుక్కున నవ్వింది.

గుమాస్తాకి తల కొట్టేసినట్టయింది. వచ్చినదారినే వెళ్లిపోదామనుకున్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు కూడా. కానీ తన అబద్ధానికి ఎవరో పిల్ల తిట్లు తింటోంది, తల్లి నలుగురిలో నవ్వులపాలవుతోంది.

"ఆ అమ్మాయి సరిగ్గానే చదివిందమ్మా," అన్నాడు లోపలికొచ్చి. "నేను నీకు చదివింది అందులో లేదు. మీరు కంకర కొట్టారని రాస్తే, నేను నీ కొడుకునని ఆఫీసులో తెలిసిపోతుందని... సిగ్గుపడి తీసేశాను."

తల్లి తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ కొడుకు వైపు చూడనేలేదు. నర్సు చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే అమ్మాయీ. నిన్ను ఊరికే అన్నాను, ఏమనుకోకు," అంది. "మిగతాది కూడా చదువు. కొత్తగా వచ్చినదానివి, ఈ జిల్లా ఎంత మంచిదో నీకూ తెలియాలిగా."